అంబలి బండికి స్పీకరు

పాపక్క చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ ఉండగా సదాశివం గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. ఆయన ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. పాపక్క చేతిలో కత్తి ఆగింది. లోపల చొక్కా ఉతుక్కుంటున్న మొగుణ్ణి కేకేసింది.

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు రోడ్డులో సదాశివానికి మూతబడిన అంగడి ఒకటి ఉంది. దాని ముందున్న రేకుల నీడలోనే పాపక్క, సుబ్బరాయన్ అంబలి బండి పెట్టుకుని బతుకుతున్నారు. ఆ చోటు తనకివ్వమని సెల్‌ఫోన్ సామాన్లమ్మే గుణశేఖరన్ కొన్నాళ్ళుగా ఆయన వెంట తిరుగుతున్నాడు. ఆ నీడ పోతే, ఎండలో నిలబడి అంబలి తాగేవాళ్ళు ఎవరూ ఉండరు.

సదాశివం మాటలు తక్కువ మనిషి. చాప మీద కూర్చుని, సంచిలోంచి ఎర్రటి చిన్న స్పీకరు తీసి నేల మీద పెట్టాడు. అరిచి అరిచి పాపక్క గొంతు పాడవుతోందని, ఇందులో ఒకసారి మాట పట్టించి పెడితే రోజంతా అదే చెబుతుందని తమిళంలో చెప్పాడు. కరెంటు అక్కరలేదట. సెల్‌ఫోన్ మాదిరి చార్జి పెట్టుకుంటే చాలట. మీ వ్యాపారానికి నా తరఫున ఇది, అన్నాడు.

సుబ్బరాయన్ స్పీకరును చూడలేదు, సంచిని చూశాడు. దాని మీద గుణశేఖరన్ అంగడి పేరు ఉంది.

ఈ ఇంట్లో తెలుగు మాట్లాడతారు. గడప దాటితే అంతా తమిళమే. అందువల్ల వాళ్ళిద్దరికీ తెలుగు ఒక తలుపులాంటిది. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగానే మూసుకోవచ్చు.

"అయిపోయింది మామా," అంది పాపక్క తెలుగులో, మొహం మీది నవ్వు చెరగకుండా. "చోటు వానికి ఇచ్చేసినాడు. ఇది మన చేతిలో పెట్టి పంపిస్తా ఉండాడు."

"నువ్వు నగుతానే ఉండు," అన్నాడు సుబ్బరాయన్.

సదాశివం స్పీకరు మీది మీట చూపించాడు. చెప్పవలసింది ఇందులోనే పెట్టి తెచ్చాను, నొక్కి వినండి అన్నాడు. సుబ్బరాయన్ చెయ్యి చాపాడు.

"నొక్కొద్దు," అంది పాపక్క. "కాలీ చెయ్యమని దాంట్లో పట్టించుకోని వచ్చినాడు. నోటితో చెప్పేదానికి మొగం చెల్లలే. మనము వినకుంటే ఆయప్ప చెప్పినట్టే కాదు."

సుబ్బరాయన్‌కు ఇది న్యాయంగానే తోచింది. ముందు అంబలి తాగండి అయ్యా, తొందరేముంది అన్నాడు తమిళంలో. పాపక్క లేచి చెంబు నిండా అంబలి, పళ్ళెంలో ఉల్లిపాయలు, వేయించిన మజ్జిగ మిరపకాయలు తెచ్చిపెట్టింది. ఆయన తాగుతున్నంతసేపూ ఏం చెప్పి ఆయన మనసు మార్చాలా అని ఇద్దరూ ఆయన ముందే ఆలోచించుకున్నారు.

"నీ మోకాలు పోయిందని చెప్పు," అంది పాపక్క.

తన మోకాలు పోయిందని సుబ్బరాయన్ తమిళంలో చెప్పాడు. సదాశివం అతని రెండు కాళ్ళ వైపూ చూశాడు.

"ఏ కాలో ఇప్పుడే అనుకో. రేపు బండి కాడ కూడా కుంటాల."

సుబ్బరాయన్ కుడి మోకాలు పట్టుకున్నాడు. సేలం పోయి ఆపరేషను చేయించుకోమని డాక్టరు చెప్పినట్టు కూడా చెప్పాడు. డాక్టరు సంగతి పాపక్క చెప్పమనలేదు. సొంతంగా చేర్చాడు. బాగుందన్నట్టు ఆమె తల ఊపింది.

సదాశివం రెండో మిరపకాయ నమిలాడు. మొహంలో జాలి ఏమీ కనపడలేదు. స్పీకరును మాత్రం వాళ్ళ వైపు ఇంకొంచెం జరిపాడు.

"కరగడు," అన్నాడు సుబ్బరాయన్, మోకాలు రుద్దుకుంటూ. "ఊరికే వచ్చే మిరపకాయలు మటుకు బాగా తింటాడు. బండి కాడ కూడా ఇదే కత."

మూడో మిరపకాయ కోసం వెళ్ళిన సదాశివం చెయ్యి పళ్ళెం అంచున ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది. కారం ఎక్కువైందేమో అనుకుని పాపక్క చెంబులో మజ్జిగ పోసింది. పోస్తూ, నవ్వుతూనే అంది.

"ఆయప్పకేమి. పెండ్లాము పోయినంక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. తోడు లేనోనికి ఇంకొకరి బతుకు ఏమి తెలుస్తాది? ఈ డబ్బాతోనే మాట్లాడుకోని ఉంటాడు."

సదాశివం చెంబు కింద పెట్టాడు. మజ్జిగ అట్లాగే ఉంది. లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూశారు. సుబ్బరాయన్ జాగ్రత్తగా ఎడమ కాలి మీద నిలబడ్డాడు.

"చూసినావా, అడగలేకనే పోయినాడు," అంది పాపక్క. వచ్చి మళ్ళీ ఉల్లిపాయల ముందు కూర్చుంది. "మోకాలు పని చేసింది."

సుబ్బరాయన్‌కు అంత నమ్మకం కలగలేదు. ఎప్పటికైనా వినక తప్పదు కదా అని మీట నొక్కాడు.

మొదట గరగరమంది. తర్వాత సదాశివం గొంతు, బండి దగ్గర పాపక్క అరిచే అరుపునే తమిళంలో అరిచింది. సజ్జ అంబలి, రాగి అంబలి, చల్లగా తాగిపోండి అంది. అలవాటు లేని అరుపు కదా, చివర్లో దగ్గొచ్చింది. దగ్గు ఆగాక అదే గొంతు నెమ్మదిగా, ఆ దగ్గరి మారండహళ్ళి వైపు తెలుగులో పలికింది.

"పాపక్కా, సుబ్బరాయా, ఆ చోటు నేను ఎవురికీ ఈలేదు, మీకే. అరవంలో చెప్తే ఓనరు చెప్పినట్టు ఉంటాదని, మా అమ్మ మాటలో చెప్తా ఉండాను."