రెండో సంతకం

“సార్, ఆ బీరువా ఒక్కసారి తియ్యండి. నా కవరుందో లేదో చూసి మళ్లీ తాళమేసుకుందురు.”

“చదువుకున్నదానివి కదా, ముందు అది చదువు,” అన్నాడు పోస్ట్‌మాస్టర్ నాగయ్య, తల ఎత్తకుండానే.

బీరువా పిడికి ఒక పలక వేలాడుతోంది. దాని మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలు: ‘రిజిస్టరు ఉత్తరాలు కొత్త పోస్ట్‌మన్ చేరిన తరువాతే ఇవ్వబడును.’

దీవెన ఆ పలకను మూడు వారాలుగా చదువుతూనే ఉంది. మార్కాపురం శివార్లలోని నల్లరాళ్లపేటకు నెలన్నరగా పోస్ట్‌మన్ లేడు. పాతాయన రిటైరై పొదిలిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మామూలు ఉత్తరాలను నాగయ్య వసారాలో బల్ల మీద గుమ్మరిస్తున్నాడు. ఎవరివి వాళ్లు వెతుక్కోవాలి. రిజిస్టరు ఉత్తరాల సంగతి వేరు. వాటి పుస్తకంలో రెండు సంతకాలు పడాలి. ఒకటి తీసుకున్నవాళ్లది, రెండోది ఇచ్చిన పోస్ట్‌మన్‌ది. రెండో సంతకం పెట్టే మనిషి లేడు కాబట్టి వాటిని వచ్చినవి వచ్చినట్టే సంచిలో కట్టి బీరువాలో పెట్టేశాడు నాగయ్య. వచ్చే మార్చిలో రిటైరయ్యే మనిషి. రూలు దాటాలంటే ఆయనకు గుండె దడ.

“రేపు పదిహేనో తేదీ సార్. రేపటికి చేరకపోతే నా ఉద్యోగం వెనకున్నోళ్లకు పోతాది.”

“ఇంతకీ ఏం ఉద్యోగమే పాపా?” అన్నాడు బల్ల దగ్గర ఉత్తరాలు కెలుకుతున్న గురవయ్య. ఆయనకు బజారులో పలకల దుకాణం ఉంది.

“అదే తెలీదు మామా. నాలుగు పరీక్షలు రాసినా. ఎవరో నాయనకు ఫోన్ చేసి, మీ పాపకు గవర్నమెంటు ఉద్యోగమొచ్చింది, కాగితం రిజిస్టరు పోస్టులో పంపినాం, పదిహేను లోపల చేరమని చెప్పినారంట. అప్పుడు నాయన పలకరాళ్ల గని కాడ పనిలో ఉన్నాడు. ఆ సంతోషంలో ఏ ఉద్యోగమో అడగడం మర్చిపోయినాడు.”

“మళ్లీ చేయకపోయినారా?”

“రోజూ చేస్తానే ఉన్నాం. మోగుతాది, ఎత్తరు.”

గురవయ్య పగలబడి నవ్వాడు. “మీ నాయన గని కాడ బిడ్డ కలెక్టరైందని చెప్పినాడంట. మా దుకాణం కాడికొచ్చి తాసీల్దారన్నాడు. నా మీద దయతలచి కొంచెం తగ్గించినట్టుండాడు.”

దీవెనకు నవ్వు రాలేదు. మాట్లాడుతూనే ఆమె చేతులు బల్ల మీది ఉత్తరాలను వీధులవారీగా పేరుస్తున్నాయి. రోజూ వచ్చి వచ్చి అలవాటైపోయింది. దారిలో ఉన్న ఇళ్లవి తనే ఇచ్చి పోతుంది కూడా.

“ఇదో మామా, నీది. ఎవరో వాళ్లదనుకోని తీసకపోయి, నిన్న తెచ్చి పడేసినారు.”

గురవయ్య కవరు చించాడు. చదువుతుంటే ఆయన నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

“బళ్లు తెరిచేనాటికి ఐదొందల పలకలు పంపమని పామూరు నుంచి రాసినాడు. బళ్లు తెరిచి నెలైంది! ఏంది నాగయ్యా ఇది? ఆ కొత్తోడు ఎప్పుడొస్తాడు?”

“నన్నడిగితే? పై ఆఫీసుకు ఆరుసార్లు రాసినా. మనిషిని వేసినాం, ఆర్డరు పంపినాం, వచ్చి చేరాల అంటారు. పేరడిగితే, వచ్చినాక మీకే తెలుస్తాదిలే అంటారు. వాడికేమో కాళ్లు కదలడంలే.”

“సోమరిపోతు!” అన్నాడు గురవయ్య. “ఎండలో తిరగాలంటే ఒళ్లు బరువు. జీతం మాత్రం కావాల.”

“ఏ ఫ్యాను కింద పండుకోనుండాడో మామా!” అంది దీవెన కసిగా. “వాడి మూలాన నా నోటికాడ కూడు పోతాంది. కనపడితే కడిగేస్తా.”

“నీకంటే ముందు నేను కడుగుతా. వాడొచ్చిన రోజు టీ కూడా ఇప్పియ్యను,” అన్నాడు నాగయ్య.

గోడ గడియారం పదకొండు కొట్టింది. దీవెన చేతిలోని ఉత్తరాలు బల్ల మీద పెట్టేసింది.

“నాలుగేళ్లు మిరపచేలకు కూలికి పోతా చదువుకున్నా సార్. ఆ కాగితం మీ బీరువాలో ఉంటే, నేనీడ నిలబడి...” అంటూ కళ్లు తుడుచుకుంది.

నాగయ్య పలక వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

“తియ్యి నాగయ్యా,” అన్నాడు గురవయ్య. “రెండో సంతకం నేను పెడతా.”

“పలకలమ్ముకునేటోడివి, నువ్వెవరయ్యా పెట్టేదానికి?” కసిరాడు నాగయ్య. కానీ చెయ్యి అప్పటికే తాళంచెవుల కోసం వెతుకుతోంది. “ఏడవమాకమ్మా. వాడొచ్చినాక వాడి మెడలు వంచి పెట్టిస్తాలే సంతకం. పైవాళ్లడిగితే మీరిద్దరూ లాక్కున్నారని చెప్తా, మళ్లీ నన్ననుకోవద్దు.”

సంచి విప్పారు. రెండో కట్టలోనే దొరికింది కవరు. మీద ఆమె పేరు, కింద ఆమె నాయన నతానియేలు పేరు.

దీవెన కవరు చించింది. ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. మొహంలోకి వచ్చిన సంతోషం సగంలో ఆగింది. నాలుక కరుచుకుని కాగితాన్ని నాగయ్యకు అందించింది.

నాగయ్య చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఎవరి వంకా చూడకుండా వెళ్లి పలక దించి, తువ్వాలుతో శుభ్రంగా తుడిచేశాడు. కిటికీలోంచి మూడు టీలకు కేక వేశాడు. తర్వాత పుస్తకం తెరిచి ఆమె ముందుకు జరిపాడు.

“రెండు చోట్లా నువ్వే పెట్టు సంతకం.”

“అదేంది? రెండోది ఆ కొత్తోడిది గదా!” అన్నాడు గురవయ్య.

ముగ్గురూ కలిసి తిట్టిన ఆ కొత్తోడు దీవెనే.