ఒళ్లు చేసిన పిల్లర్లు

కొత్త అపార్ట్‌మెంట్ పార్కింగులో అడుగు పెట్టగానే ఇంజనీరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. తను గీసిచ్చిన పిల్లర్లు ఇవి కావు. ఒక్కొక్కటీ రెండింతలు ఒళ్లు చేసింది.

వాటిని సన్నం చేయడానికి ఆమె పడని పాట్లు లేవు. ఎక్కడ ఎంత బరువు పడుతుందో మళ్లీ మళ్లీ లెక్కగట్టింది. అక్కరలేని కాంక్రీటంతా తీసేసింది. సిమెంటు తగ్గితే ఫ్యాక్టరీ పొగ తగ్గుతుంది, ఫ్లాటు ధర కూడా దిగుతుందని ఆఫీసులో అందరి కాళ్లావేళ్లా పడింది.

"కూలితే జైలుకి నువ్వెళ్తావా?" అన్నాడు బాస్.

వెళ్తానని సంతకం పెట్టింది. బయటి నిపుణులు వచ్చి, లెక్కలన్నీ తిరగేసి, వేలెత్తి చూపలేక వెళ్లారు.

ఆ రోజుల్లో ఆమెకు అండగా నిలిచింది నాన్న ఒక్కడే. జీవితమంతా తాపీ పని చేసిన మనిషి. ధర దిగిందని తెలియగానే అందరికంటే ముందు ఫ్లాటు బుక్ చేశాడు. "అవి పిల్లర్లా, చీపురుపుల్లలా?" అని మేనత్త మూతి విరిస్తే, "మా అమ్మాయి లెక్క వేసిందంటే బ్రహ్మదేవుడు కూడా దిద్దలేడు" అని చెల్లెలి నోరు మూయించాడు. ఆ ఒక్క మాట చాలు, ఇంకెవరు నమ్మకపోయినా ఫర్వాలేదనుకుంది ఆమె.

ఈ రోజు తాళాలు ఇస్తున్నారు. నాన్న అప్పుడే మెట్లెక్కి పైకి వెళ్లాడు. ఈ పిల్లర్లు ఆయన కంట పడే ఉంటాయి. అయినా పల్లెత్తు మాట అనలేదు. కూతురి కష్టం బూడిదలో పోసిన పన్నీరయిందని లోలోపల ఎంత కుమిలిపోతున్నాడో. అది తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

నేరుగా వెళ్లి కాంట్రాక్టర్‌ని నిలదీసింది.

"ఎవర్నడిగి పిల్లర్ల చుట్టూ మళ్లీ కాంక్రీటు పోశారు? నేను మిగిల్చిన సిమెంటంతా దీనికే పోయింది కదండీ."

"నేనేం చెయ్యనమ్మా. కొన్నవాళ్లలో ఒకాయన పట్టుబట్టారు. సన్న పిల్లర్ల మీద ఇల్లంటే కంటికి కునుకు రాదన్నారు. ఖర్చంతా తనే పెట్టుకుంటానంటే ఓనరు గారు సరేనన్నారు."

"ఎవరా పెద్దమనిషి? పిలవండి. నా లెక్కలో తప్పేముందో ఆయన్నే చూపించమంటాను."

కాంట్రాక్టర్ మెట్ల వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"చెప్పొద్దన్నారమ్మా, కూతురు చిన్నబుచ్చుకుంటుందట."