హాజరు పలికే గోరువంక

బడి మూతబడింది. తరగతిలో పెరిగిన తాబేలునూ గోరువంకనూ ఒకే ఇంటికివ్వాలని పంతులమ్మ పట్టు.

ఏ పేరు విన్నా హాజరు పలకడం గోరువంకకు అలవాటు. మొదటి ఇంట్లో తల్లి అన్నానికి కొడుకును పిలిస్తే, "ఉన్నానండీ!" అని ఇదే పలికింది. కొడుకేమో వీధిలో ఉన్నాడు. అన్నం చల్లారింది, సాయంత్రానికి తాబేలూ గోరువంకా పంతులమ్మ దగ్గరికి వెనక్కొచ్చాయి.

"నీవల్ల నాకూ నిలవనీడ లేదే. ఈసారైనా నోరు మూసుకో," అంది తాబేలు.

"పిలిస్తే పలక్కపోవడం మర్యాదా, బావా?"

రెండో ఇల్లు సుభద్రమ్మగారిది. పొద్దున్నే ఆవిడ దీపం పెట్టి అమ్మవారి సహస్రనామాలు మొదలుపెట్టారు. ప్రతి నామానికీ గోరువంక "ఉన్నానండీ!" అంది. తాబేలు భయంతో తల లోపలికి లాక్కుంది.

సుభద్రమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అరవై ఏళ్లుగా పిలుస్తున్నాను తల్లీ, ఇవాళ్టికి పలికావు."

తాబేలు మెల్లగా తల బయటపెట్టి గోరువంకతో అంది:

"ఆగకే! ఇంకా తొమ్మిదొందలున్నాయి."