మానేసిన చుట్ట

మడ అడవికి వచ్చే సందర్శకులను ఇప్పుడు మాట్లాడే మరమనిషి నడిపిస్తోంది. పాత గైడు పోలయ్యకు మిగిలిన పని, దాని కాళ్ళకంటిన బురద కడగడం. నీటికుక్కలు వచ్చి ఆ మర పాదాల మీదే పడుకుంటాయి. పోలయ్య కనిపిస్తే మాత్రం ఏట్లోకి దూకేస్తాయి.

"దానికి మనిషి వాసనుండదు గదయ్యా," అంది భార్య బంగారమ్మ, చుట్ట కాల్చుకుంటూ.

పోలయ్యకు కడుపు మండిపోయింది. వాటికి వాసన గిట్టదనే ముప్పై ఏళ్ళ కిందట తను చుట్ట మానేశాడు, సబ్బు మానేశాడు. ఒంటికి బురద రాసుకుని మరీ తిరిగాడు. ఒక్కటీ దరికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే, చెమటతో తడిసిన తన తువ్వాలు తీసి మరను నెత్తి నుంచి పాదాల దాకా రుద్దాడు.

"ఇయ్యాళ నీ దగ్గరికి ఎవరొత్తారో సూద్దారి."

మర సందర్శకులతో బాట మలుపు తిరిగేసరికి నీటికుక్కలు వచ్చాయి. మర పాదాలను వాసన చూశాయి. పోలయ్య చెట్టు చాటు నుంచి చూస్తున్నాడు. తల్లి తన పిల్లను నోట కరుచుకొచ్చి, ఆ పాదాల మధ్యే పడుకోబెట్టింది. పోలయ్య ఒక్క అడుగు ముందుకు వేశాడు. అన్నీ ఏట్లో దూకాయి.

ఇంటికి రాగానే బంగారమ్మ చేతిలోని చుట్ట లాక్కున్నాడు.

"మానేశావు గదా?"

పోలయ్య గట్టిగా ఒక దమ్ము లాగాడు.

"ఆటికి పేచీ వాసనతో కాదే. నాతోనే."