లోయలో నడక

"గింతేనా అన్నా? బోర్ కొడ్తంది," అంటూ పక్కన కూర్చున్న కుర్రాడు జగదీష్ ఫోన్ తిరిగిచ్చేశాడు.

లాంచీ ఎక్కినప్పటి నుంచి ఎవరికిచ్చినా ఇదే మాట.

షాలేమ్‌రాజు ముఖం వాడిపోయింది.

సత్తుపల్లిలో ఉద్యోగం మానుకుని, రెండేళ్లు కూర్చుని చేసిన గేమ్ అది. అందులో ఎటైనా తిరగొచ్చు. నెట్‌లో దొరికిన ఈ ఏటి ఒడ్డు పాత ఫొటోలు చూసి లోయ గీశాడు. వేటకు విల్లు పెట్టాడు, పులిని పెట్టాడు, గుహలో బంగారం దాచాడు.

"ఒక్కరన్నా వదలకుండా ఆడిన వీడియో పంపు. లేకుంటే మేం తీసుకోం," అన్నారు కంపెనీవాళ్లు. ఈ సాయంత్రమే గడువు.

ఎదురుగా కూర్చున్న ముసలామె చెయ్యి చాపింది.

"నేను జూడొచ్చునా బిడ్డా?"

నవ్వొచ్చినా, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఇచ్చాడు. వేలు ఎట్లా జరపాలో చూపించాడు.

ఆట సంతలో మొదలవుతుంది. ఆమె విల్లు తీసుకోలేదు. సంత దాటి ఎర్రమట్టి బాట పట్టింది.

"అటు కాదు పెద్దమ్మా. పులి ఇటుంది."

"పులితోని నాకేం పని?"

"గుహల బంగారముంది మరి!"

"ఉండనియ్. అదెక్కడికి పోతది?"

జగదీష్ పకపకా నవ్వాడు. "పెద్దమ్మ వాకింగ్‌కు పోతంది అన్నా!"

ఆమె వినలేదు. తెర మీద పొద్దు వాలుతోంది. తాటిచెట్ల నీడలు బాటకు అడ్డంగా పడుకున్నాయి. వాగు వచ్చింది. లాంచీ బల్ల మీద కూర్చునే ఉండి, ఆమె చీర అంచు కొంచెం పైకి పట్టుకుంది. వాగు దాటాక వదిలేసింది. పెదవులు కదులుతున్నాయి, బాటతో ఏదో చెబుతున్నట్టు.

రేవు దగ్గర పడుతోంది. వీడియోలో ఒక్క వేట లేదు, ఒక్క గెలుపు లేదు. ఇది ఎవరికి చూపించుకోవాలి?

"ఇగ ఇయ్యి పెద్దమ్మా. వేరేటోళ్లు ఆడాలె."

"ఇంకొక్క మలుపే బిడ్డా."

"ఆడ ఏం లేదు. ఉత్త ఇండ్లు."

"జరంత ఆగు..."

అతను ఫోన్ లాక్కున్నాడు.

ఆమె అరచేతులు కాసేపు అట్లాగే తెరుచుకుని ఉన్నాయి.

రేవు రాగానే సంచీ చంకన పెట్టుకుని దిగింది. ఇసుకలో నడిచి నడిచి, ఎండలో కలిసిపోయింది.

మరెవరూ ఆట అడగలేదు. అప్పుడు తట్టింది షాలేమ్‌రాజుకు, ఫోన్ వదల్లేకపోయింది ఆమె ఒక్కతేనని.

"ఎవరు అన్నా ఆమె?" లాంచీ నడిపే పోతయ్యను అడిగాడు.

పోతయ్య వెనక్కి తిరిగి, దాటి వచ్చిన నీళ్ల వైపు చూశాడు.

"గా నీళ్ల కిందనే ఆమె ఊరుండె సారూ. డ్యామ్ కట్టినంక ఏరు ఎగదన్నిన నాడు పొద్దుగాల సంతకు పోయింది. మర్లొచ్చేసరికి తొవ్వ మునిగింది. ఆ నాటి సంత నుంచి ఆమె ఇంకా ఇల్లు చేరలే."