కెప్టెన్ దొర కుర్చీ

కుర్చీ మీద చెయ్యి వేసిన ముసలాయన్ని చూసి లేయా చీపురు పడేసి వచ్చింది.

"అది అమ్మకానికి లేదు."

కేప్‌టౌన్‌లోని ఆ నాటకశాలను చర్చివాళ్లు కొనేశారు. ఆదివారం నుంచి అక్కడ ప్రార్థనలే. తెరలూ దీపాలూ బల్లలూ కొనుక్కుపోవడానికి పొద్దుటినుంచి జనం వస్తూనే ఉన్నారు. ముందువరసలోని ఈ ఒక్క కుర్చీ దగ్గరికి మాత్రం లేయా ఎవర్నీ రానివ్వలేదు.

"కొనడానికి రాలేదమ్మా. ఒక్కసారి కూర్చుని వెళ్తాను."

"అందరూ కూర్చుని చూసే బేరం మొదలెడతారు."

మేకులు ఊడదీస్తున్న వడ్రంగి అడోనిస్ నవ్వాడు.

"ఆవిడతో పెట్టుకోకండయ్యా. ఈ గోడలు పడగొట్టడమే తేలిక."

అతనే సంగతంతా చెప్పాడు. ఈ నాటకశాల కట్టించింది కెప్టెన్ పెన్రోజ్ దొర. సిపాయిల చేత రాళ్లు మోయించి, తోటి ఆఫీసర్ల చేత ఆడవేషాలు కూడా కట్టించి, తనూ కట్టాడు. రిహార్సళ్లలో ఆయన కూర్చునే కుర్చీ అది. పటాలంతో ఓడెక్కుతూ, తను తిరిగొచ్చేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని, అప్పట్లో బానిస పిల్లగా ఉన్న లేయాతో అన్నాడట. ముప్ఫై ఏళ్లు దాటింది.

"ఆ మాట ఆయనకే గుర్తుండదేమో," అన్నాడు ముసలాయన.

"నాకు గుర్తుంది కదా."

"ఇప్పుడొస్తే ఆనవాలు పడతావా?"

"ఎందుకు పట్టను? ఎర్రకోటు, నడుముకు కత్తి. వీధి మొదట్లో ఉండగానే చెబుతాను."

ముసలాయన కుర్చీ మీంచి చెయ్యి తీశాడు. తర్వాత మెల్లగా టోపీ పెట్టుకున్నాడు.

"అయితే ఆయన కోసమే ఉంచమ్మా," అని బయటికి నడిచాడు.

లేయాకు మనసు కుదురుగా లేదు. పెద్దవాడు, ఎండలో ఎంత దూరం నుంచి వచ్చాడో, కూర్చోనిస్తే ఏం పోయేది? ముంతతో నీళ్లు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది.

అప్పటికే ఆయన వాలు దిగి రేవు చేరాడు. లంగరేసిన ఓడకు వెళ్లే పడవ ఎక్కి, ఊరివైపు తిరగకుండా నిలబడ్డాడు. గాలికి నల్లకోటు ఒంటికి అతుక్కుపోయింది.

లేయా ముంత గుమ్మం మీద పెట్టేసింది.

బానిస పిల్ల దొర ముఖంలోకి చూడకూడదు. లేయా ఏనాడూ చూడలేదు.

నాటకం ఉన్న ప్రతి సాయంత్రమూ వెనక నిలబడి, నాయిక గౌనుకు తను నాడాలు బిగించిన ఆ వీపును, ఎడమ భుజం కాస్త కిందికి జారిన ఆ కెప్టెన్ దొర వీపును, పడవ తీరం విడిచాక పోల్చుకుంది.