పేర్లు పలకని పూట

"కంప్యూటర్ని అలా బాదితే బాగుపడదమ్మా."

నెల్డా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఉన్ని శాలువా తడిసి ముద్దయింది. మధ్యాహ్నం ఫెర్రీ దిగి వచ్చినట్టుంది. ఈ దీవి మనిషి కాదు.

"జాలర్ల సంఘం అధ్యక్షురాలు మీరేనా?"

"నేనే. పనుంటే తర్వాత చెప్పండి. ఇప్పుడు నా ప్రాణాలు నా దగ్గర లేవు."

"ఏమైంది?"

"వాతావరణం పేజీ తెరుచుకోవట్లేదు. బయటేమో తుఫాను తెచ్చే ఉత్తరం గాలి మొదలైంది. మా పడవలన్నీ సముద్రంలో ఉన్నాయి."

"రేవు అధికారులకి ఫోన్ చెయ్యలేకపోయారా?"

"లైను దొరకాలిగా! చిలోయే దీవులన్నీ ఇప్పుడు వాళ్ళకే ఫోన్ చేస్తున్నట్టున్నాయి."

"పోనీ, పడవల్నే వెనక్కి పిలవండి."

"పోయిన నెల అలాగే పిలిచాను. గాలీ లేదు, వానా లేదు. ఖాళీ వలలు తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేశారు. అప్పట్నుంచీ రేవులో నా పేరు ఊరికే కూసే కోడిపెట్ట. ఈసారి హెచ్చరిక చదివి వినిపిస్తే తప్ప ఒక్కడూ తిరిగి రాడు."

పెద్దావిడ శాలువా తీసి కుర్చీకి ఆరేసింది.

"లేవండి. నేను చూస్తాను."

"మీకు వచ్చా?"

"సగం జీవితం ఈ డబ్బాల ముందే గడిపాను. లేవండమ్మా."

ఆ ధీమా చూశాక నెల్డాకి కాదనాలనిపించలేదు. లేచింది.

"కాస్త్రో పట్నంలో కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. ఆర్పి వెలిగించమన్నాడు. ఆర్పాను, వెలిగించాను. మళ్ళీ ఆర్పాను, మళ్ళీ వెలిగించాను."

"మంచిదే, ముందు అదే చెయ్యాలి. ఆఫీసు వైఫైలో మీ ఫోన్‌లో తెరుచుకుంటోందా ఆ పేజీ?"

"అదీ అంతే."

"అయితే జబ్బు ఈ కంప్యూటర్‌ది కాదు."

పెద్దావిడ తెర మీద ఒక నల్లటి కిటికీ తెరిచింది. ఏవో అంకెలు కొట్టింది. టకటకా జవాబులు వచ్చాయి.

వాతావరణం పేజీ పేరు కొట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చూశారా? అంకెలతో పిలిస్తే పలుకుతోంది, పేరుతో పిలిస్తే పలకట్లేదు. దారి బాగానే ఉంది."

"మరి ఏం చచ్చింది?"

"మనం పేర్లు కొడతాం. కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో వెతుక్కుంటాయి. ఏ పేరుకి ఏ అంకెలో చెప్పడానికి మీ ఇంటర్నెట్ వాళ్ళ దగ్గర ఒక మెషీన్ ఉంటుంది. డీఎన్ఎస్ అంటారు. అది నిద్రపోయింది."

"ఇప్పుడు దాన్నెవరు లేపుతారు?"

"లేపడం మన పని కాదు. మెలకువగా ఉన్న ఇంకోదాన్ని అడుగుదాం."

పొద్దుట్నుంచీ మొదటిసారి నెల్డాకి నవ్వొచ్చింది.

ఆవిడ సెట్టింగుల్లోకి వెళ్ళింది. పాత డీఎన్ఎస్ తీసేసి, వేరేదాని అంకెలు చూడకుండానే కొట్టింది. కంప్యూటర్ దాచుకున్న పాత జవాబులన్నీ చెరిపేసింది.

"ఇప్పుడు తెరవండి."

పేజీ తెరుచుకుంది.

తెరంతా ఎర్రగా ఉంది. సాయంత్రానికి పెనుగాలి. రేవులన్నీ మూసేస్తున్నారు.

నెల్డా రేడియో అందుకుంది.

"పడవలన్నీ వినండి! వలలు కోసేసైనా సరే, వెనక్కి రండి!"

"ఏం కోడిపెట్టా, మళ్ళీ మొదలెట్టావా?"

"కూత కాదురా, హెచ్చరిక! నా కళ్ళెదురుగా ఉంది. నోరు మూసుకుని వినండి."

గడగడా చదివింది. అవతల నవ్వులు ఆగిపోయాయి. 'వస్తున్నాం' అంటూ ఒక్కొక్క పడవా పలికింది.

ఒక్కటి మాత్రం పలకలేదు.

"లాడిస్లావ్ పడవ," అంది నెల్డా. "వాడు ఈమధ్య ఎవరు పిలిచినా పలకట్లేదు. మిగతావాళ్ళని చూసి వాడే వస్తాడులెండి."

పెద్దావిడ కిటికీ వైపు చూసింది. అద్దం మీద వాన చరచరా కొడుతోంది.

"చూడకపోతే?"

నెల్డా మళ్ళీ రేడియో అందుకోబోయింది.

"ఇలా ఇవ్వండి."

ఆవిడ పిలవడం మొదలుపెట్టింది. అరవలేదు. విసుక్కోలేదు.

"లాడిస్లావ్ బారియా, పెనుగాలి వస్తోంది. ఒడ్డుకి వచ్చెయ్యి."

జవాబు లేదు.

"లాడిస్లావ్ బారియా, వింటున్నావని నాకు తెలుసు. వచ్చెయ్యి."

నెల్డా వేడివేడిగా మాటే ఆకుల కషాయం కలిపి పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది. ఆవిడ పిలుస్తూనే ఉంది.

చాలాసేపటికి రేడియో గరగరలాడింది.

"వస్తున్నాను."

ఆవిడ రేడియో మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

రేవులో ఫెర్రీ కూత వేసింది. గాలి ముదరకముందు అదే ఆఖరుది.

"అయ్యో, మీరు వచ్చిన పని చెప్పనేలేదు!" అంది నెల్డా.

"ఇంక అక్కర్లేదులెండి."

తడి శాలువా కప్పుకుని ఆవిడ వానలోకి నడిచింది. పేరైనా అడగలేదని నెల్డాకి ఫెర్రీ వెళ్ళిపోయాక గుర్తొచ్చింది.

పడవలన్నీ చేరాకే గాలి విరుచుకుపడింది. ఆఫీసు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంతగా ఊగుతున్నాయి. లోపల మాత్రం వేడి మిల్కావ్ బంగాళాదుంప రొట్టెలు తింటూ జాలర్లు గోలగోల చేస్తున్నారు.

"మా కోడిపెట్టకి జై!"

"అలా పిలిస్తే రొట్టె లాగేసుకుంటా," అంది నెల్డా గర్వంగా.

లాడిస్లావ్ అందరికంటే ఆఖర్న వచ్చాడు. కూర్చోలేదు. రొట్టె ముట్టలేదు.

"అక్కా, నన్ను పిలిచినావిడ ఏది?"

"ఫెర్రీలో వెళ్ళిపోయింది. నాతో ఏదో పనుందని వచ్చి, చెప్పకుండానే పోయింది. నీకు తెలుసా?"

"గొంతు తెలుసు. మొదటి పిలుపే విన్నాను. పలకడానికి నోరు రాలేదు."

"ఎందుకురా?"

లాడిస్లావ్ టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"నన్నింక పడవెక్కనివ్వద్దని నీకు చెప్పడానికి ఇవాళ వస్తానంది. ఆవిడ మొహం చూడలేకే పొద్దున్నే సముద్రం మీదికి పారిపోయాను. పోయినేడాది నా పడవ మీంచి పడి దొరక్కుండా పోయాడే, ఎలీసియో... వాడి తల్లి అక్కా ఆవిడ."